ప్రార్థన కోసం అడిగిన పేరు

అరోరా

ప్రాజెక్ట్స్ చూడటానికి వెళ్తున్నానంటే షికాగో పక్కనున్న మా అరోరాలో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాలేదు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయల తోకలు విరిచి చూస్తున్న ప్రసాద్ అయితే నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. "ఏ క్లయింట్ బ్రదర్? కాంట్రాక్టా, ఫుల్‌టైమా?" అని గొంతు తగ్గించి అడిగాడు. మనకు ప్రాజెక్ట్ అంటే జీతం తెచ్చే పని. ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్లకు ప్రాజెక్ట్స్ అంటే ప్రభుత్వం కట్టించి పేదవాళ్లకు తక్కువ అద్దెకిచ్చిన ఇళ్ల సముదాయాలు. ఆ మాట అనేటప్పుడు వాళ్లూ గొంతు తగ్గిస్తారు, కారణం వేరు.

నేను పెరిగింది విశాఖపట్నంలో, పోర్టు క్వార్టర్స్‌లో. మా దగ్గర క్వార్టర్స్‌లో ఉంటున్నామని చెప్పుకోవడం గొప్ప. ప్రభుత్వం ఇల్లిస్తే అక్కడ గౌరవం, ఇక్కడ చిన్నతనం. ఎందుకిలా అయింది, అసలు మొదట కట్టినవాళ్లు ఏమనుకుని కట్టారు అని ఎన్నాళ్లుగానో నాకు కుతూహలం. గత శతాబ్దపు ముప్ఫైల్లో, దేశమంతా పనుల్లేక అల్లాడుతున్నప్పుడు, ప్రభుత్వం మొట్టమొదటగా కట్టించిన బ్లాకులు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. నేనేమో ఆర్కిటెక్చర్ చదివి, ఒక్క ఇటుక ముట్టుకోకుండా, డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌తో బతికేస్తున్నవాణ్ణి. ఒక వారం సెలవు పెట్టి బయలుదేరాను.

ముందే చెప్పేస్తున్నాను. ఇది భవనాల గురించి రాద్దామనుకున్న వ్యాసం. భవనాలు బాగున్నాయి. నేనే సిగ్గుపడే పని ఒకటి చేసి వచ్చాను. అది దాచి ఇటుకల అందం గురించి రాస్తే ఇంకా సిగ్గుచేటు. అందుకే నేను ఎక్కువసేపు గడిపిన సముదాయం పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

షికాగో: మిగిల్చిన ఒక్క భవనం

షికాగోలో ఒకప్పుడు వరసలు వరసలుగా ఉన్న ఇటుక బ్లాకులన్నీ కూలగొట్టి ఒక్కటి మిగిల్చారు. ఇప్పుడది మ్యూజియం. మూడంతస్తులు, లిఫ్టు లేదు. లోపల పొడవాటి వరండాలూ లేవు. ఒక్కో మెట్లదారికి కొన్ని ఇళ్లే తలుపులు తెరుచుకుంటాయి. అందువల్ల ఇంటికి రెండు వైపులా కిటికీలు పెట్టగలిగారు. రెండూ తీస్తే గాలి ఈ పక్కన దూరి ఆ పక్కన పోతుంది. లక్షల డాలర్లు పోసి మేం కొనుక్కున్న సబ్‌డివిజన్ ఇళ్లలో ఏసీ ఆపితే ఊపిరాడదు. ఆ మాట పక్కనున్నాయనతో అంటే, "గాలికి అద్దె కట్టలేదులే మేం" అని నవ్వారు.

ఆయనే మమ్మల్ని తిప్పి చూపించినాయన. అలాంటి ఇంట్లోనే పెరిగారట. వంటగదిలో ఇనప సింకు దగ్గర నిలబడి ఒక సంగతి చెప్పారు. తనిఖీకి వచ్చినవాళ్లు బాత్రూములో గడ్డం గీసుకునే సామాను ఉందా అని చూసేవారట. ఉంటే, చెప్పకుండా మగమనిషెవరినో ఇంట్లో ఉంచుకున్నట్టు లెక్క. "మా మామయ్య వచ్చి ఉన్నన్నాళ్లూ ఆయన బూట్లు మా అమ్మ ఓవెన్‌లో దాచేది" అన్నారు. అందరం నవ్వాం. నేను ఫోన్‌లో రాసుకున్నాను కూడా. పాతకాలం ముచ్చట, వ్యాసంలోకి పనికొస్తుందనుకున్నాను.

బయటికొచ్చి ఆ వీధిలోనే నిమ్మకాయ ఐస్ తిన్నాను. అచ్చం మన ఐస్‌గోలాయే. కాకపోతే బండి బదులు కొట్టు, ధర మాత్రం రెండు ప్లేట్ల ఇడ్లీది.

టోల్ రోడ్డు మీద

రెండో రోజంతా ఇండియానా, ఒహాయో మీదుగా డ్రైవింగే. దాని గురించి చెప్పుకోదగ్గది ఒక్కటే. మా ఆవిడ గ్రేస్ కట్టిచ్చిన చపాతీల మధ్య ఆవకాయ డబ్బా మూత ఊడింది. నూనె సంచిలోంచి కారి, నేను మ్యూజియంలో కొన్న భవనాల పుస్తకంలోకి దిగింది. ఫోన్ చేసి చెబితే, "నేను టైట్‌గానే పెట్టాను, నువ్వే మధ్యలో తీసి తిన్నావు" అంది. నిజమే. రెస్ట్ ఏరియాలో టిష్యూలతో పేజీలు అద్దుతుంటే, పక్క బల్ల దగ్గర ట్రక్కు డ్రైవరు ఒకాయన వచ్చి వాసన చూసి, ఇదేంటని అడిగి, చపాతీతో ఒక ముక్క తిని, ఇంకో ముక్క అడిగాడు. ఏ ఊరు, పిల్లలెందరు, ఇల్లు సొంతమా అని నేనూ వరసగా అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు.

మన పలకరింపే అంత. కొత్తవాళ్లు కనపడితే ఇంట్లో ఎవరెవరుంటారో తెలుసుకునేదాకా తోచదు. ఇక్కడివాళ్లు వాతావరణం దగ్గర మొదలుపెట్టి వాతావరణం దగ్గరే ముగిస్తారు. మనమే మనసున్నవాళ్లమని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

క్లీవ్‌లాండ్: వానలో

పేరు రాయనన్న ఆ సముదాయం లోపలికి అడుగు పెట్టగానే ఊరి చప్పుడు తగ్గిపోయింది. మూడు వైపులా ఇళ్లు, మధ్యలో పెద్ద చెట్లున్న ఆవరణ. కార్లు బయటే ఆపాలి. వంటింటి కిటికీలన్నీ ఆవరణ వైపు పెట్టారు, కూర కలుపుతూనే ఆడుకునే పిల్లల్ని చూసుకోవచ్చు. ఇటుక ఒకే రంగు కాదు. ముదురువీ లేతవీ కలిపి పేర్చారు. ప్రతి గుమ్మం పైనా కాంక్రీటు చూరు, మూలలు గుండ్రంగా తిప్పి. దాని పైన కాల్చిన మట్టి పలక. ఒక గుమ్మానికి చేప, ఒక గుమ్మానికి గోధుమ కంకి. చదువురాని పిల్లవాడు కూడా తన గుమ్మం గుర్తుపట్టగలడు. పేదవాళ్ల ఇంటికి బొమ్మెందుకని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదన్నమాట.

అలాగని అంతా మంచే అని చెప్పలేను. డబ్బు మిగుల్చుకోవడానికి కొన్ని చోట్ల అలమరలకు తలుపులు పెట్టలేదు. కట్టిన కొత్తలో ఒక సముదాయం తెల్లవాళ్లకు, ఇంకొకటి నల్లవాళ్లకు అని విడదీశారు. గోడలు అంత ప్రేమగా కట్టినవాళ్లు ఆ గీత కూడా చెయ్యి వణక్కుండా గీశారు.

చేప బొమ్మ ఫొటో తీస్తుంటే వాన మొదలైంది. చూరు కిందికి చేరాను. పక్క కిటికీ కొంచెం తెరుచుకుని, "ఆఫీసు మనిషివా?" అని ఒక ముసలావిడ గొంతు.

"కాదండీ. ఈ భవనం ఇష్టంగా ఉండి చూడటానికొచ్చాను. ఇల్లినాయ్ నుంచి."

"ఈ భవనాన్నా?" అని ఆవిడ లోపలికి తిరిగి, "ఇది విన్నావా? మన బిల్డింగంటే ఇష్టమట ఒకాయనకి" అంది. లోపల ఎవరో మగగొంతుతో నవ్వారు. వాన పెరిగేసరికి తలుపు తీసి లోపలికి రమ్మంది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాను. మేజోడు చిరిగి బొటనవేలు బయట ఉంది. "రాత్రికి ఇక్కడే పడుకుంటావా ఏంటి?" అంది ఆవిడ. చెప్పులతో ఇంట్లోకి రావడం మాకు అలవాటు లేదన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి తనూ చెప్పులు పక్కన పెట్టేసింది.

ఆవిడని లొరెట్టా అందాం. పుట్టింది ఆ సముదాయంలోనే, వేరే గుమ్మంలో. నా పేరు సామ్యూల్ అని, మా తాతల నుంచీ చర్చికి వెళ్లేవాళ్లమని చెప్పగానే ఆవిడ మొహం విచ్చుకుంది. అప్పట్నుంచి బ్రదర్ సామ్యూల్ అనే పిలిచింది. స్టౌ దగ్గర ఎత్తు స్టూలు మీద ఆవిడ తమ్ముడు కూర్చుని ఉన్నారు. ఆయన్ని హెన్రీ అందాం. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి లేవదు. కుడి చేత్తోనే చేపలు తిప్పుతున్నారు. పూర్వం ఎక్కడో హోటల్లో వంటమనిషి.

చేపలు ఈరీ సరస్సువి, మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించినవి. పక్కన కాలర్డ్ అనే ముదురాకు, పొగబెట్టిన టర్కీ మాంసంతో మెత్తగా ఉడికించింది. గోంగూర మాంసంలోంచి పులుపు తీసేస్తే దగ్గర దగ్గర ఆ రుచి. వద్దనడం నాకూ రాలేదు, పెట్టకుండా ఉండటం వాళ్లకూ రాలేదు.

తినబోయే ముందు ఆవిడ చేతులు చాచి, "మీ భాషలో ప్రార్థన చెయ్యి బ్రదర్, వింటాం" అంది.

మా సంఘంలో ఎవరింటికి కూటానికి వెళ్లినా, ప్రార్థనకు ముందు ఆ ఇంట్లో ఉండేవాళ్ల పేర్లన్నీ అడుగుతాం. పిల్లలు, ముసలివాళ్లు, చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయినవాళ్లు, అందర్నీ పేరుపేరునా ఎత్తి ప్రార్థిస్తాం. ఒక్క పేరు మర్చిపోతే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. నేను అలవాటుగా అడిగేశాను. "ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? పేర్లు చెప్పండి, ప్రార్థనలో పెడతాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా.

"ప్రార్థనకే కదా?" అంది.

"ప్రార్థనకేనండి."

"అయితే లొరెట్టా, హెన్రీ. చలికాలం నుంచి మా తమ్ముడు నా దగ్గరే ఉంటున్నాడు. అద్దె ఇల్లు పోయింది వాడికి. ఎక్కడికి పోతాడు?" ముందుగదిలో సోఫా మీద మడతపెట్టిన దుప్పటి, దిండు కనపడుతూనే ఉన్నాయి.

వాళ్ల పేర్లు ఎత్తి తెలుగులో ప్రార్థించాను. వాళ్లకు అర్థమైంది ఆ రెండు పేర్లూ, చివర్న 'ఆమెన్' అన్న మాటా మాత్రమే. హెన్రీ గారు కళ్లు తుడుచుకున్నారు. నాకు చాలా గొప్పగా అనిపించింది. ఎంత తొందరగా కలిసిపోయానో చూడు అని ఆ సాయంత్రం గ్రేస్‌కి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఆఫీసు గది

మర్నాడు అక్కడి కమ్యూనిటీ హాల్లో గోడ మీద పాత బొమ్మ ఉందని తెలిసి, దాన్ని చూడటానికి అనుమతి కావాలంటే సముదాయం ఆఫీసుకి వెళ్లాను. వరసలో నిలబడి గ్రేస్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తి, "అంకుల్, మీరు తెలుగా?" అంది.

పేరు మేఘన అనుకుందాం. పుట్టి పెరిగింది వర్జీనియాలో, షాంటిలీలో. అమ్మానాన్నలది నల్లగొండ. "నా తెలుగు కొంచెం వీక్ అంకుల్, ఏమీ అనుకోవద్దు" అంటూనే తాళాలు తీసుకుని తనే తీసుకెళ్లింది. గోడ మీద బొమ్మలో ఇటుకలు మోసేవాళ్లు, రైలు పట్టాలు వేసేవాళ్లు, బట్టలు ఆరేసే ఆడవాళ్లు. రంగు పెచ్చులూడుతోంది. నాకు బొమ్మ కన్నా ఆ అమ్మాయి తెలుగు ఎక్కువ సంతోషం ఇచ్చింది. అలాంటి చోట మన పిల్ల కనపడితే నోరు ఊరుకోదు.

"ఇక్కడివాళ్లు చాలా మంచివాళ్లమ్మా. నిన్న లొరెట్టా గారింట్లో భోజనం చేశాను. వాళ్ల తమ్ముడి చేతి చేపలు తినాలి నువ్వు. పాపం, ఒక చెయ్యి రాకపోయినా ఎంత బాగా వండుతారో."

"వాళ్ల తమ్ముడా?"

"అవును. చలికాలం నుంచి ఇక్కడే ఉంటున్నారట కదా."

మేఘన నడవడం ఆపింది. చేతిలో తాళాలు గట్టిగా పట్టుకుంది.

"అంకుల్, అది మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది."

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. మొన్ననే మ్యూజియంలో విన్నాను. నవ్వాను. ఫోన్‌లో రాసుకున్నాను. అది పాతకాలం కథ అని ఎందుకనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

"ఏమవుతుందమ్మా?"

"లీజ్‌లో ఆమె ఒక్కరే ఉన్నారు. గెస్ట్ అయితే కొన్ని డేస్ ఓకే. ఇన్ని మంత్స్ అంటే వయొలేషన్. ఫస్ట్ నోటీస్ వెళ్తుంది. యాడ్ చెయ్యమని అప్లై చెయ్యొచ్చు, కానీ ఆయనకి పాత ఎవిక్షన్ ఉంటే, ఐ మీన్, ఇంతకుముందు ఇల్లు ఖాళీ చేయించి ఉంటే, అప్రూవ్ అవ్వదు. అప్పుడు ఆమె యూనిట్ కూడా రిస్క్ అంకుల్."

అద్దె ఇల్లు పోయిందన్న మాట నా చెవుల్లోనే ఉంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ఆ కాస్త బుద్ధి ఆలస్యంగానైనా వచ్చింది. దాని తర్వాత నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

"మనవాళ్లం కదమ్మా. విననట్టు ఊరుకో."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "అంకుల్, ప్లీజ్, అలా అడగద్దు. నా జాబ్ కొత్త. నా ముందు ఉన్న అమ్మాయి ఇలాగే విననట్టు ఉంది, షీ ఈజ్ నాట్ హియర్ ఎనీమోర్. నేను ఆమె దగ్గరికి వెళ్లి అడగాలి, తప్పదు." తర్వాత మెల్లగా అంది. "మా మమ్మీ కూడా ఇంతే. ఎవరింటికి వెళ్లినా, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడుగుతుంది. ఐ నో యూ డిడింట్ మీన్ ఇట్."

నాకు చెడ్డ ఉద్దేశం లేదని ఆ అమ్మాయి ఒప్పుకోవడం నాకు ఊరటనివ్వలేదు. నా తప్పు నేను చేసి, దాన్ని కప్పిపుచ్చే బరువు కూతురి వయసు పిల్ల మీద పెట్టబోయాను, అదీ మన భాష పేరు చెప్పి.

వెంటనే లొరెట్టా గారి గుమ్మానికి పరిగెత్తాల్సింది. ఆవరణ దాటితే ఆ ఇల్లే. నేను కార్లో కూర్చున్నాను. ఏమని చెప్పాలి? దేవుడికి చెప్తానని అడిగి తెలుసుకున్నది ఆఫీసుకి చెప్పానని చెప్పాలా? చేపబొమ్మ ఉన్న గుమ్మం వైపు కాసేపు చూసి, కారు తిప్పుకుని మోటెల్‌కి పోయాను. సాయంత్రం ఒక చోట బిర్యానీ తెచ్చుకున్నాను. తినలేకపోయానని రాస్తే బాగుంటుంది గానీ, తిన్నాను. అదీ సిగ్గే.

ఆఖరి ఉదయం

ఊరు వదిలే ముందు వెళ్లి తలుపు కొట్టాను. ఈసారి కిటికీ తెరుచుకోలేదు. తలుపే తెరుచుకుంది, పూర్తిగా. ఆవిడ చర్చికి వెళ్లేటప్పుడు వేసుకునేలాంటి మంచి గౌను వేసుకుని, చేతులు ముందు కట్టుకుని నిలబడి ఉంది.

"నేనొక్కదాన్నే ఉంటున్నాను సర్. ఇంకెవరూ లేరు. లోపలికొచ్చి గదులు చూసుకోవచ్చు."

"లొరెట్టా గారూ, నేనండీ. ఆఫీసు తరఫున రాలేదు. క్షమించమని అడగడానికి వచ్చాను."

"మీరెవరో నాకు తెలుసు సర్. చూసుకోండి."

అని పక్కకి తప్పుకుంది. నేను చూడకూడదు. కళ్లు దించుకుని నిలబడాలి. కానీ నా కళ్లు ఆవిడ భుజం మీదుగా లోపలికి పోయాయి. సోఫా మీద దుప్పటి లేదు, దిండు లేదు. స్టౌ దగ్గర స్టూలు లేదు. ఇల్లంతా బ్లీచ్ వాసన. మేఘన అప్పటికే వచ్చి అడిగి ఉండాలి. ఒక చెయ్యి లేవని మనిషిని, తనిఖీకి ముందే, ఎక్కడికో పంపేసింది. ఎక్కడికి అని అడగబోయి ఆగాను. ఆ ఇంట్లో ఇంకో ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు.

"నేను కావాలని చెప్పలేదండీ" అన్నాను. ఎంత పనికిమాలిన మాటో నోట్లోంచి వస్తుండగానే తెలిసింది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. తలుపు అంచు పట్టుకుని, "నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను" అంది. "మా వాడి పేరు మళ్లీ ఎప్పుడూ మీ నోటితో ఎత్తకండి. ప్రార్థనలో కూడా."

సరేనన్నాను. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

మళ్లీ అరోరా

దారిలో ఇంకో రెండు సముదాయాలు చూడాలని రాసుకున్నాను. ఆగలేదు. అందుకే వాటి గురించి మీకు చెప్పలేకపోతున్నాను. తరవాత ఏమైందో మేఘనకి ఫోన్ చేసి కనుక్కోమని గ్రేస్ అంది. ఆ అమ్మాయి చేత కూడా చెప్పకూడని మాట చెప్పించడం ఇష్టం లేక చెయ్యలేదు. లొరెట్టా గారి ఇల్లు ఉందో పోయిందో నాకు తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రార్థన అవసరతలు చెప్పమన్నారు. ఒకరు వీసా గురించి, ఒకరు కూతురి కాన్పు గురించి చెప్పారు. పేర్లు చెబుతుంటే ఆయన తల ఊపుతూ వింటున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"సామ్యూల్ బ్రదర్, ప్రయాణం చేసి వచ్చారు కదా. దారిలో కలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే పేరు చెప్పండి. సంఘమంతా కలిసి ప్రార్థిద్దాం."

గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది. అందరూ నా వైపు చూస్తున్నారు.

"ఎవరూ లేరండి" అన్నాను.